స్టీరింగ్ కింద అతికించింది

ఏడేళ్లుగా నేను మోస్తున్న బరువు బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. దాన్ని దాచడం తేలిక. అందుకే ఇన్నేళ్లు దాచగలిగాను.

నా పేరు చెప్పను. చెబితే వైరాలో సగంమంది గుర్తుపడతారు. గుర్తుపట్టి ఓదార్చడానికి వస్తారు. నా భయం అదే. అక్క పోయిన తమ్ముడిగా ఏడేళ్లుగా నాకు అందిన జాలి అంతా తీసుకున్నాను. ఒక్కసారి కూడా వద్దనలేదు. మీరెవరో నాకు తెలియదు. మీకు నా మీద జాలి లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చాలా పుస్తకాలు చదివాను. అందులో ఎక్కువ అక్క కొనిచ్చినవే. అమ్మ చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది అక్క. దుఃఖాన్ని అందంగా రాసిన పేజీలు చదివితే ఇప్పుడు నాకు అనుమానం వస్తుంది. ఇంత బాగా రాసే తీరిక ఈ మనిషికి ఎలా దొరికింది? కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే ఆ మాట నమ్మకండి.

నాది కార్లకు తాళంచెవులు చేసే పని. వైరాలో మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు. ఇప్పటి కారు తాళంచెవి ఉత్త ఇనుపముక్క కాదు. దాని ప్లాస్టిక్ తలలో ఒక చిప్పు ఉంటుంది. తాళంచెవి పెట్టే చోటు చుట్టూ ఒక రింగు ఉంటుంది. రింగు అడుగుతుంది, చిప్పు తన నంబరు చెబుతుంది. నంబరు సరిపోతే ఇంజన్‌కు డీజిల్ అందుతుంది. సరిపోకపోతే బండి రెండు సెకన్లు అందుకుని ఆగిపోతుంది. మీటర్ల దగ్గర తాళం బొమ్మ ఉన్న లైటు కొట్టుకుంటుంది. దొంగల కోసం కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు ఇది. ఇమ్మొబిలైజర్ అంటారు. అది డీజిల్ ఆపేసిన బండిని ఊరంతా కలిసి తోసినా స్టార్ట్ కాదు. ఇది మా పనిలో మొదటి రోజు నేర్చుకునే సంగతి.

మా బావది ఏన్కూరు దగ్గర మిరప సాగు. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూమి కొనుక్కున్న కుటుంబం. మనిషి మంచివాడు, నోరు కరుకు. నేను ఎమ్మే చదివి తాళాల షాపు పెట్టానని ఆయనకు నవ్వు. పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు, "మా బామ్మర్దండీ. పెద్ద చదువు చదివి ఇప్పుడు ఊళ్లో తాళాలన్నీ తీస్తున్నాడు. మీ బీరువాలు జాగ్రత్త" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. అక్క మాత్రం నవ్వేది కాదు.

ఒక ఏడాది మిరప కల్లంలో బావ కారు తాళంచెవి ఒకటి పోయింది. రెండోది మిగిలింది. షోరూమ్‌లో కొత్తదానికి వారం పడుతుందన్నారట. బావ నా షాపుకొచ్చి, నీ వల్ల అవుతుందా లేక ఇది చదువుకున్నవాళ్ల పనా అని అడిగాడు. చేస్తానన్నాను. నా దగ్గరున్న మిషన్ ఆ మోడల్‌ను చదవదని పావుగంటలోనే తెలిసింది. అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది, నా వల్ల కాదు బావా, షోరూమ్‌కే వెళ్లండి అని. ఆ మాట నోటిదాకా వచ్చిందా? వచ్చింది. బావ అప్పుడు రోడ్డు మీద ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. నా గురించే నవ్వుతున్నాడనుకున్నాను. కాకపోవచ్చు.

మిగిలిన తాళంచెవి తల విప్పి అందులోని అసలు చిప్పు బయటికి తీశాను. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ ఊడదీసి, ఆ చిప్పును రింగు పక్కనే వేడి గమ్‌తో అతికించాను. ఇక రింగు ఎప్పుడడిగినా చిప్పు పక్కనే ఉండి జవాబు చెబుతుంది. ఉత్త ఇనుపముక్క పెట్టి తిప్పినా బండి నడుస్తుంది. మా పనిలో ఇలా చేయడం ఉంది. కానీ బండి యజమానికి చెప్పి చేస్తారు. నాలుగు రోజుల ఏర్పాటే, మళ్లీ రండి అని చెప్పి పంపుతారు. నేను రెండు ఉత్త తాళంచెవులు కోసి, వాటికి ప్లాస్టిక్ తలలు తొడిగి, కొత్త చిప్పులు ప్రోగ్రామ్ చేశానని చెప్పి బావ చేతిలో పెట్టాను. గంటలో పని అయిపోయింది. బావ రెండు తాళంచెవులూ తిప్పి చూసి నా భుజం తట్టాడు. అంతకుముందు ఆయన నా భుజం మీద చెయ్యి వేసింది లేదు.

మా ఎండలకు ఆ గమ్ మెత్తబడుతుందని నాకు తెలుసు. మంచి మిషన్ కొన్నాక సరిగ్గా చేద్దామనుకున్నాను. ఆరు నెలల్లో కొన్నాను. చేశానా? లేదు. చేయాలంటే ఆయన ముందు ప్లాస్టిక్ విప్పాలి. పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను.

బావకు జోగయ్య అనే డ్రైవర్ ఉండేవాడు. ఏన్కూరు దాటి అడవిలో ఉన్న కోయగూడెం మనిషి. మాట తక్కువ. అక్క ఎక్కడికి వెళ్లినా జోగయ్య ఉంటే బావ నిశ్చింతగా ఉండేవాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జోగయ్య నాతో ఒకసారి అన్నాడు, మీటర్లకాడ తాళం లైటు అప్పుడప్పుడు కొడతందని. తాళంచెవి గుడ్డతో తుడిచి పెట్టమని చెప్పాను. తుడిస్తే ఏమీ కాదని తెలిసీ చెప్పాను.

మే నెలలో ఆ గూడెంలోనే ఒక పెళ్లి జరిగింది. మిరపకాయ కోతకు ఏటా వచ్చే ఒకామె కూతురి పెళ్లి. అక్క చీర తీసుకుని వెళ్లింది. బండి తోలింది జోగయ్య. బావ పురుగుమందుల కోసం వైరా వచ్చి, ఎండ తగ్గేదాకా నా షాపులో కూర్చున్నాడు. పక్కన ముదిగొండ నుంచి వచ్చిన రైతులు ఇద్దరున్నారు. టీ తాగుతూ బావ వాళ్లతో, షోరూమ్‌వాళ్లు వారం అన్న పని మావాడు గంటలో చేశాడని చెబుతున్నాడు. అంత గొప్పగా నా గురించి చెప్పడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నా, బండి స్టార్ట్ అయితలేదు. అందుకుంటంది, ఆగిపోతంది. తాళం బొమ్మ లైటు కొడతంది."

"ఎక్కడున్నావ్?"

"పెండ్లికాడ. సిగ్నల్ లేక గుట్టెక్కిన. అమ్మగారికి ఆయాసం వస్తంది అన్నా. చెమటలు పోస్తన్నయ్. జల్దీ చెప్పండి, ఏంజేయాలె?"

అప్పుడే నాకు అర్థమైంది. చిప్పు జారింది. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ చేత్తో లాగితే ఊడుతుంది. వేళ్లతో చిప్పు వెతికి రింగుకు ఆనించి పట్టుకుంటే బండి స్టార్ట్ అవుతుంది. రెండు నిమిషాల పని. కానీ ఆ మాట ఫోన్‌లో చెబితే బావ వింటాడు. పక్కన ఇద్దరు వింటారు. ఫోన్ పట్టుకుని బయటికి నడవొచ్చు. నా కుర్చీ నుంచి షాపు మెట్టుకు నాలుగడుగులు. నడవలేదు. ఎందుకు నడవలేదు? లేచి వెళితే బావ ఏంటని అడుగుతాడనిపించింది. ఇంతకన్నా పెద్ద కారణం ఉందేమోనని ఏడేళ్లుగా వెతికాను. లేదు.

"బ్యాటరీ అయి ఉంటుంది. తోయించు" అన్నాను.

"సెల్ఫ్ మంచిగనే తిరుగుతంది గదన్నా. తోస్తే అయితదా?"

"అవుతుంది. తోయించు."

ఫోన్ పెట్టేశాను. ఏంటయ్యా అన్నాడు బావ. బండి మొరాయించింది, తోస్తున్నారు అన్నాను. అక్కకు ఆయాసమన్న మాట చెప్పలేదు. రెండు మూడు నిమిషాలు గడిచాయో లేదో నాకు కూర్చోవడం చేతకాలేదు. లేచి బయటికొచ్చి జోగయ్యకు ఫోన్ చేశాను. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. జోగయ్య గుట్ట దిగిపోయాడు, నేను చెప్పింది చేయించడానికి. అప్పుడు లోపలికొచ్చి బావతో అక్కకు బాలేదట అన్నాను. ముదిగొండ రైతుల జీపులో బయల్దేరాం.

గూడెంలో ఏం జరిగిందో తర్వాత అక్కడివాళ్లే చెప్పారు. డోళ్లు కింద పెట్టి వాయించేవాళ్లు వచ్చారు. పసుపు బట్టలతో పెళ్లికొడుకు వచ్చాడు. ముప్పై నలభైమంది బండిని ఇంటి నుంచి వాగుదాకా తోశారు. వాగు దగ్గర తిప్పి మళ్లీ ఇంటిదాకా తోశారు. మిట్టమధ్యాహ్నం, మే నెల. అక్క వెనక సీటులో ఉంది. ఒకరిద్దరు ఇది తోస్తే అయ్యే యవ్వారం కాదన్నారట. అక్క తలుపు పట్టుకుని, "మా తమ్ముడు చెప్పాడుగా, అవుతుంది" అందట. ఈ మాట నాకు ఒక ముసలమ్మ చెప్పింది. నన్ను ఓదార్చడానికి చెప్పింది.

చివరికి ఎవరో పొలం నుంచి ట్రాక్టర్ తెచ్చారు. అక్కను మంచం మీద పడుకోబెట్టి, మంచంతో సహా ట్రాక్టర్‌లో పెట్టి ఏన్కూరు దవాఖానాకు తీసుకొచ్చారు. మేం చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు.

ముందే తెచ్చి ఉంటే బతికేదా? డాక్టర్‌ను నేను అడగలేదు. అడిగితే బతికేదయ్యా అంటాడేమోనని అడగలేదు. బతికేదేమో, బతకకపోయేదేమో. ఆ రెండు ఏమోల మధ్య చాలాకాలం దాక్కున్నాను. కానీ నేను చెప్పదలచింది అక్క చావు గురించి మాత్రమే అయితే ఈ కాగితం రాసేవాణ్ని కాదు. దుఃఖంగానే మోసేవాణ్ని. ఆ తర్వాత నేను చేసింది వేరే.

మర్నాడు బండి తెస్తానని నేనే గూడేనికి వెళ్లాను. ఒక్కణ్నే వెళ్లాను. ప్లాస్టిక్ ఊడదీస్తే చిప్పు బొటనవేలంత కిందికి జారి, సాగిన గమ్ చివర వేలాడుతోంది. దాన్ని అలాగే వదిలేయొచ్చు. బావను పిలిచి చూపించొచ్చు. నేను జేబులోంచి జిగురు ట్యూబు తీసి చిప్పును మళ్లీ రింగు పక్కన అతికించాను. ఫోన్‌లో అన్న మాటను భయంలో అన్నానని చెప్పుకోవచ్చు. కానీ జిగురు ట్యూబు జేబులో వేసుకుని వెళ్లినవాడు భయంలో ఉన్నాడని ఎవరనగలరు? ఈసారి మంచి జిగురు. ఏడేళ్లు ఊడలేదు.

మూడో రోజు చుట్టాలంతా బావ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నారు. జోగయ్య వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. బావ నన్ను పిలిచి అందరి ముందూ, "బండిలో ఏం పోయిందయ్యా?" అని అడిగాడు.

"ఏం పోలేదు బావా. బాగానే ఉంది" అన్నాను.

బావ లేచి వెళ్లి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. తర్వాత అందరూ మాట్లాడారు. ఏన్కూరులో అక్కను దించినప్పుడు జోగయ్య బట్టల మీద ఇప్పసారా వాసన వచ్చిందని ఒకాయన అన్నాడు. జోగయ్య చెప్పుకున్నాడు. పెళ్లిలో ఆకు దొన్నెలో పోసిస్తే వద్దనకూడదు, పెద్దల పేరున నాలుగు చుక్కలు నేల మీద పోసి తాగాలి, బండి తోలాలని నేను దొన్నెడూ నేల మీదనే పోసిన, అది ప్యాంటు మీద చిందింది అని. అది ఎవరు వింటారు? తాగినోడికి తాళం ఎటు తిప్పాలో ఏం తెలుస్తుందని ఒకరన్నారు. ఇంకెప్పుడూ నా వాకిట్లో కనిపించకు అన్నాడు బావ. జోగయ్య ఇంకెవరి వైపూ చూడలేదు. నా వైపు చూశాడు. నేను బండి వైపు చూశాను.

ఏన్కూరు నుంచి కొత్తగూడెం దాకా ఆయనకు స్టీరింగ్ ఇచ్చినవాళ్లు లేరు. తాగి యజమానురాలిని చంపాడన్న పేరు ఆయన కన్నా ముందే ప్రతి ఊరికీ చేరింది. జామాయిల్ తోటల్లో కూలికి వెళుతున్నాడని విన్నాను. ఎండాకాలం బీడీలకు తునికాకు కోస్తున్నాడని విన్నాను. నాకేమో వేరే పేరొచ్చింది. ఆ తర్వాత నేను ఏ బండిలోనూ చిప్పు అతికించలేదు. మిషన్ చదవకపోతే షోరూమ్‌కు వెళ్లమని పంపేస్తాను. నిజాయితీ మనిషి అంటారు. అక్క చివరిసారి కూర్చున్న బండి అని బావ ఆ కారును అమ్మలేదు. అది నా షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తల వంచుకుని ఏదో ఒక స్క్రూ వెతుకుతూ ఉంటాను.

మొన్న చలికాలంలో జోగయ్య షాపుకొచ్చాడు. ఇంటి తాళంకప్ప తెచ్చి చెవి చేసిమ్మన్నాడు. మనిషి చిక్కిపోయాడు. నేను చెవి కోస్తుంటే చూస్తూ నిలబడి మెల్లగా అడిగాడు.

"అన్నా, ఒకటడుగుత. ఆనాడు భయంల నేనే తాళం సక్కగ తిప్పలేదా? ఎన్నిసార్లు యాదికి తెచ్చుకున్నా తెలుస్తలేదు. నా చేతులనే ఏదో తప్పున్నదేమో."

"అవన్నీ ఇప్పుడెందుకులే జోగయ్యా" అన్నాను.

అవ్ అన్నా, ఇప్పుడెందుకు అన్నాడు. చెవి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన నన్ను అనుమానించి ఉంటే బతికేవాణ్ని. ఆయన తన చేతులను అనుమానిస్తున్నాడు. నేను తీసుకున్నది ఆయన పని, పేరు అనుకున్నాను ఇన్నాళ్లూ. తన కళ్లతో చూసినదాన్ని, తన చేత్తో చేసినదాన్ని నమ్మే ధైర్యం కూడా తీసుకున్నానని ఆరోజు తెలిసింది. ఆ తర్వాత నాలుగు నెలలు నాకు తిండి సయించలేదు. ఏ పుస్తకం తెరిచినా రెండో పేజీకి వెళ్లలేదు. చచ్చిపోదామనుకున్నాను. అనుకుని, అప్పుడు జోగయ్య చేతులు ఎప్పటికీ తప్పుచేసిన చేతులుగానే మిగులుతాయి కదా అని ఆగాను. ఆ ఆలోచన నాకు ధైర్యమేమీ ఇవ్వలేదు. తప్పించుకునే దారి ఇంకొకటి మూసేసింది, అంతే.

నిన్న పొద్దున ఏన్కూరు వెళ్లాను. బావ చేలో ఉన్నాడు. కారు షెడ్డులో ఉంది. ప్లాస్టిక్ ఊడదీసి, జిగురు గీకి, చిప్పు తీసి జేబులో వేసుకున్నాను. ప్లాస్టిక్ మళ్లీ బిగించాను. బైకు మీద గూడేనికి వెళ్లాను.

జోగయ్య ఇంటి ముందు నీడలో తునికాకు కట్టలు కడుతున్నాడు. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. చిప్పు అతికించిన రోజు నుంచి మొదలుపెట్టాను. ఆయన చేతులు ఆగలేదు. యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టడం, పక్కన పెట్టడం. ఫోన్ సంగతి దగ్గరకొచ్చాక చేతులు ఆగాయి.

"ఏదీ, చూపియ్యి."

అరచేతిలో పెట్టాను. దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించాడు.

"స్టీరింగ్ కింద చెయ్యి పెడితే దొరికేదా?"

"దొరికేది."

దాన్ని పిడికిట్లో మూశాడు.

"తోస్తే కాదని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

ఏడేళ్లుగా చెప్పలేకపోయింది ఆ ఒక్క మాట. చెప్పాక ఏమీ మారలేదు. కోళ్లు తిరుగుతున్నాయి. ఎండ అలాగే ఉంది. అయినా నాకు కాస్త తేలికైనట్టు అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. క్షమించమని అడుగుదామని వెళ్లాను. అడగలేదు. అలా అడిగితే ఆయనకు ఇంకో పని చెప్పినట్టే కదా. జోగయ్య ఒక తునికాకు మడిచి అందులో చిప్పు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇది నా దగ్గరుంటది అన్నాడు. మళ్లీ ఆకుల కట్ట అందుకున్నాడు. నేను లేచేదాకా తలెత్తలేదు.

ఇవాళ పొద్దున షాపు తెరిచి కూర్చున్నాను. బావ ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, కారు స్టార్టవట్లేదు. అందుకుంటోంది, ఆగిపోతోంది. ఏదో తాళం బొమ్మ లైటు కొట్టుకుంటోంది. నలుగుర్ని పిలిచి తోయించమంటావా?"

"వద్దు బావా. తోస్తే స్టార్ట్ కాదు" అన్నాను.

ఆరోజు గుట్ట మీద నిలబడ్డ మనిషికి చెప్పాల్సిన మాట అది.

"మరేం చెయ్యాలి?"

"దాని చిప్పు జోగయ్య దగ్గరుంది. ఎందుకుందో వచ్చి చెబుతాను. ఆరోజు షామియానా కింద ఉన్నవాళ్లందరినీ పిలవండి. వాళ్ల ముందే చెప్పాలి."

బావ ఫోన్ పెట్టేయలేదు. రా అన్నాడు. ఆ గొంతులో ఏముందో నాకు తెలియదు.

వెళ్లేముందు ఇది రాస్తున్నాను, అక్కడ నేను మళ్లీ బండి వైపు చూసి అబద్ధం చెబితే ఈ కాగితమైనా ఉంటుందని. బావ ఏం చేస్తాడో తెలియదు. జోగయ్య ఆ వాకిట్లోకి మళ్లీ వస్తాడో రాడో తెలియదు. రావాలని ఆయనకేం లేదు.

ఒక్కటే చెప్పి ఆపుతాను. బావతో మాట్లాడటం అయ్యాక చూసుకుంటే నేను కుర్చీలో లేను. షాపు బయట, మెట్టు దిగి, రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో, ఎప్పుడు నడిచానో గుర్తులేదు. వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ నుంచి అక్కడికి నాలుగడుగులే.